సీసాల వీధిలో కాంచా

తుంపర.

వాన అనడానికి చాలదు. మంచు అనడానికి ఎక్కువ. గరువా అంటారు దీన్ని. జూన్‌లో చలికాలంతో పాటు దిగిందంటే కోమాస్ కొండల్ని పట్టుకుని వదలదు. చప్పుడు చెయ్యదు. ఎవరూ గొడుగు పట్టరు. కాసేపు నిలబడితే భుజాలు తడిసి ఉంటాయి, అంతే.

డాబా సిమెంటు మీద ఆ తడి పాకే వేళకి కాంచా లేచేది. చెవుల నుంచి తోక దాకా ఒళ్లు దులుపుకునేది. ఇనుప చువ్వలు పైకి పొడుచుకొచ్చిన మూలకి నడిచి వెళ్లి అక్కడ కూర్చునేది.

కింద మంచంలో పడుకుని ఎదెల్మీరా పైన కాంచా పోసే ఆ సన్నటి ధార చప్పుడు వినేది. తెల్లారిందన్నమాట. లేచి పొయ్యి వెలిగించుకునేది.

ఇప్పుడు ఆ చప్పుడు లేదు.

డాబా మీద గోడలు లేచాయి. గోడల మధ్య యూకలిప్టస్ కర్రలు అడవిలా నిలబడ్డాయి. కర్రల మీద పలకలు, పలకల మీద చువ్వలు. ఆదివారం స్లాబు పోస్తారు. కూతురు యోవానాకి, అల్లుడు ఇసాయాస్‌కి, యోవానా కడుపులో తిరుగుతున్న బిడ్డకి పై అంతస్తు. ఈ కొండ మీద ఇళ్లు అలాగే పెరుగుతాయి. పిల్లలకి పెళ్లయినప్పుడల్లా ఇల్లు ఒక మెట్టు పైకెక్కుతుంది.

మంచిదే. ఎదెల్మీరా కోరుకున్నదే.

కాకపోతే ఆ డాబా కాంచాది.

కాంచా అంటే వేయించిన మొక్కజొన్న గింజ. ఆ రంగే దానిది. కళ్లు తెరవక ముందు డాబా ఎక్కింది, మళ్లీ దిగలేదు. ఇక్కడ ఏ డాబా చూసినా అంచున ఒక కుక్క నిలబడి వీధిని తిడుతూనే ఉంటుంది. నేల అంటే ఏమిటో ఎరగని కుక్కలు. ఎదెల్మీరా డాబా మీద ఊరందరి బట్టలూ ఉతికింది. చలికాలం నీళ్లలో చేతులు కొయ్యబారి, ఇక చాలు, ఈ బతుకు చాలు అనిపించిన పూట కాంచా వచ్చి ఆమె పాదాల మీద పడుకునేది. ఆ వెచ్చదనం మోకాళ్ల దాకా ఎక్కేది. ఆ వెచ్చదనంతోనే కూతుర్ని పెంచింది. ఇది ఆమె ఎవరికీ చెప్పలేదు. కుక్క గురించి ఏం చెప్పుకుంటాం.

కిందికి దింపిన రోజు కాంచా మెట్లు చూసి వణికింది. ఇసాయాస్ బస్తాలా మోసుకొచ్చాడు. వీధి మట్టి మీద దింపితే, ఏదో అంటుకుందన్నట్టు ఒక్కో కాలూ ఎత్తి చూసుకుంది. ఎదెల్మీరాకి నవ్వొచ్చింది. అప్పటికి ఇంకా నవ్వు వస్తూనే ఉంది.

"కుక్కే కదా, ఎంతసేపులే. ఆపుకోలేక అదే పోస్తుంది," అంది.

పొయ్యలేదు.

పొద్దున తిప్పింది. పొయ్యలేదు. మధ్యాహ్నం తిప్పింది. పొయ్యలేదు. కాంచా గోడ గోడా వాసన చూస్తుంది. గుమ్మం గుమ్మం దగ్గరా ఆగుతుంది. చుట్టూ తిరుగుతుంది. వెనక కాళ్లు కొంచెం వంచుతుంది... తల తిప్పి ఎదెల్మీరాని చూస్తుంది. లేచి నిలబడుతుంది.

వంగుతుంది. చూస్తుంది. లేస్తుంది.

ఆ చూపు ఎదెల్మీరాకి అర్థం కాలేదు.

చివరికి ఒక తెల్లవారుజామున ఆపుకోలేకపోయింది. ఇంట్లో, పలకరాళ్ల నేల మీద. నేల మీదైతే తుడుచుకోవచ్చు. పుట్టబోయే బిడ్డకి మడతపెట్టి ఉంచిన గుడ్డల సంచీ ఆ పక్కనే ఉంది. చిన్న ఊలు మేజోళ్ల దాకా తడిసిపోయాయి.

"అమ్మా, నేను చెడ్డదాన్ని కాదు," అంది యోవానా. నడుం పట్టుకుని గోడకి ఆనుకుంది. "రేపు పసిగుడ్డు పాకే నేల ఇది. బయట పొయ్యడం నేర్చుకుంటే ఉండనీ. నేర్చుకోకపోతే మావయ్యకి ఇచ్చెయ్."

"కొత్త డాబా మీద..."

"కొత్త డాబాకి దారి మా గదుల్లోంచేగా అమ్మా."

నిజమే. కాదనడానికి ఏముంది?

మావయ్య అంటే సతుర్నీనో. ఎదెల్మీరా తమ్ముడు. హువరాల్ దగ్గర అతనికి కోళ్ల షెడ్లున్నాయి. కాపలాకి ఎప్పుడూ ఒక కుక్క తక్కువగానే ఉంటుంది. అతని కుక్కలకి పేర్లుండవు. గొలుసులుంటాయి. "ఆ ఎర్రది ఏమైందిరా?" అని అడిగితే, గుడ్డు పగిలిందన్నంత మామూలుగా "పోయిందక్కా" అంటాడు. చెడ్డవాడు కాదు. కోళ్లనీ కుక్కల్నీ మనుషుల్నీ ఒకే కంటితో చూస్తాడు, అంతే.

ఆదివారం స్లాబుకి వస్తున్నాడు. పోతూ పోతూ వ్యానులో వేసుకుపోతాడు.

ఎదెల్మీరా కాలు కాలిన పిల్లిలా తిరిగింది.

కుక్క తన వాసన ఉన్నచోటే పోస్తుందని ఎవరో అన్నారు. నిజమే అనిపించింది. తడి తుడిచిన గుడ్డ తీసుకెళ్లి గుమ్మం ముందు మట్టిలో పరిచింది. కాంచా దాన్ని దాటి నడిచిపోయింది. ఎందుకు దాటిపోయిందా అని గుడ్డ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే... సబ్బు వాసన. వీధిలో నలుగురూ చూస్తారని, పరిచే ముందు శుభ్రంగా ఉతికేసింది. చేతికి అలవాటైపోయిన పని, బుర్రని అడగలేదు. తనమీద తనకే ఒళ్లు మండింది.

గోరువెచ్చటి నీళ్లతో పొట్ట రాసింది. చమోమిల్లా పూల కషాయం పట్టింది. కషాయం లోపలికి పోయింది గానీ బయటికి రాలేదు. కాంచా పొట్ట డోలు చర్మంలా బిగిసింది. ముట్టుకుంటే సన్నగా మూలిగింది.

ఇంక ఆదివారం సంగతి ఎవరికి కావాలి. ఇది ఈ రాత్రి గడుపుతుందా?

మళ్లీ ఇంట్లోనే తడిపింది. ఆ తడి చూసి ఎదెల్మీరా హమ్మయ్య అనుకుంది. అనుకున్న వెంటనే భయమేసింది. కూతురు లేవకముందే మోకాళ్ల మీద కూర్చుని తుడిచింది. దొంగలా తుడిచింది.

సతుర్నీనో రావడానికి ఇంకెంతో వ్యవధి లేదనగా, ఒక సాయంత్రం, వీధి మొగలో ఆమెకి తెలిసింది.

కాంచా ఒక గోడ పక్క వంగింది. ఈసారి ఎదెల్మీరా కుక్కని చూడలేదు. కుక్క చూస్తున్న వైపు చూసింది.

సీసా.

నీళ్లు నింపి, మూత బిగించి, గోడవారగా నిలబెట్టిన ప్లాస్టిక్ సీసా.

వీధి పొడుగునా చూసింది. ప్రతి గుమ్మానికీ రెండు. ప్రతి మొక్కకీ ఒకటి. కరెంటు స్తంభానికి నాలుగు. నీళ్ల తళుకు చూస్తే కుక్కలు జడుస్తాయనీ, గుమ్మం ముందు పాడు చెయ్యవనీ ఈ వీధి నమ్మకం. వీధికుక్కలు మాత్రం సరిగ్గా ఆ సీసాల మీదే కాలెత్తి వెళ్తాయి. పొద్దున్నే ఆడవాళ్లు ఆ సీసాలు కడిగి మళ్లీ అక్కడే పెడతారు. నమ్మకం అంటే అదే మరి.

డాబా మీద కూడా సీసాలుండేవి. ఎదెల్మీరా పెట్టినవే.

కాంచా పిల్లగా ఉన్నప్పుడు ఎవరివో పెళ్లి దుప్పట్లు తడిపింది. ఆ పూట ఎదెల్మీరా దండేల చుట్టూ సీసాలు పేర్చింది. పిల్లని మెడ పట్టుకుని ఒక్కో సీసా దగ్గరికీ తీసుకెళ్లి, కాలి చెప్పు తీసి నేలకేసి చరిచి, "ఇక్కడ కాదు" అంది. ఒకటీ రెండూ దాని వీపు మీద కూడా పడ్డాయి. ఇక్కడ కాదు. ఇక్కడ కాదు. సీసా లేని మూల ఒక్కటే మిగిలింది, చువ్వలు పొడుచుకొచ్చిన మూల.

కాంచా నేర్చుకుంది. జన్మకి సరిపడా నేర్చుకుంది.

ఈ కొండ మొత్తం మీద సీసా మాట విన్న కుక్క అదొక్కటే. కుక్క తోక వంకర అంటారు. దీనికి బుద్ధి తిన్నగా ఉంది, అదే కొంప ముంచింది. ఇన్నాళ్లూ ఆ చూపు అడుగుతున్నది ఇదే. ఇక్కడ కాదంటివి కదమ్మా. ఇక్కడా కాదు. ఇక్కడా కాదు. మరెక్కడ?

ఎదెల్మీరా వీధి మధ్యలో నిలబడి ఏడ్చింది. తుంపరలో ఎవరికీ తెలియలేదు.

తన గుమ్మం ముందు సీసాలు తీసేసింది. అయినా ఎడమ పక్కవాళ్లవి ఉన్నాయి, కుడి పక్కవాళ్లవి ఉన్నాయి, ఎదురుగా తోమసావి ఉన్నాయి. తోమసాతో ఆమెకి మాటల్లేవు. ఉంటే గింటే మాటామాటా అనుకోవడమే. అయినా వెళ్లింది. తలుపు కొట్టింది. ఇన్నేళ్లలో ఎవర్నీ ఏదీ అడగని మనిషి.

తోమసా అంతా విన్నది. చేతిలో చీపురు, నడుం మీద చెయ్యి.

"అంటే వదినా, మీ మహారాణి దొడ్డికెళ్లడానికి వీధి వీధంతా సీసాలు తీసి దారివ్వాలన్నమాట."

"నాలుగు రోజులు చాలు తోమసా."

"నువ్వు కాదూ నాకు సీసాలు పెట్టమని చెప్పింది? పెట్టలేదని మొన్నటిదాకా నాతో తగువాడింది నువ్వు కాదూ?"

"నేనే."

"మరి?"

ఎదెల్మీరా తాడు పట్టి కాంచాని ముందుకి నిలబెట్టింది. తోమసా చాలాసేపు కుక్క వైపు చూసింది. గొణుక్కుంటూ తన రెండు సీసాలూ లోపలికి తీసుకుపోయింది. మిగతా ఇళ్లవాళ్లు నవ్వారు. తోమసా తీసిందన్న మాట ఎవరూ నమ్మలేదు.

ఆదివారం.

కాంక్రీటు కలిపే మిల్లరు తెల్లవారుతూనే మొదలైంది. ఇల్లంతా అదిరింది. సిమెంటు బురదలో తిరగాలని ఎదెల్మీరా అల్లుడి రబ్బరు బూట్లు వేసుకుంది. ఒక్కోదాంట్లో రెండు పాదాలు పట్టేంత బూట్లు. పెద్ద గంగాళంలో కోడి ఉడుకుతోంది. కొత్తిమీర రుబ్బి పోసి అన్నం పచ్చగా వండాలి. బీరు పెట్టెలు గోడవార పేర్చి ఉన్నాయి. కూలీలు భుజాన డబ్బాలెత్తుకుని ఏటవాలు పలక మీద పైకీ కిందికీ చీమల బారులా నడుస్తున్నారు.

సతుర్నీనో వచ్చాడు. వ్యానులోంచి గుడ్ల అట్టలు దింపాడు. కొత్త గొలుసు ముందు సీటు మీద ఉంది.

"ఇదేనా అక్కా? బక్కగా ఉంది. అరుస్తుందా?"

"అరవదు," అంది. అబద్ధం.

"నేర్పిస్తాలే."



కాంచా బల్ల కింద వణుకుతోంది. పొట్ట మళ్లీ బిగిసింది. ఎదెల్మీరా గరిటె వదిలేసి, తాడు పట్టుకుని బయటికి లాక్కెళ్లింది. ఎటు? ఎటైనా. మిల్లరు మోత లేని చోటికి.

గుమ్మం దాటగానే ఇసుక గుట్ట. ఇన్నాళ్లూ మేస్త్రి పట్టా కప్పి ఉంచిన గుట్ట. ఇవాళే పట్టా తీశారు. సగం మిల్లరులోకి పోయింది, సగం ఉంది. తడిగా, మెత్తగా, బూడిద రంగులో.

ఆ గుట్ట దగ్గర ఏ సీసా లేదు.

కాంచా ఆగింది. వాసన చూసింది. ఒక కాలు వేసింది, రెండో కాలు వేసింది. గుట్ట ఎక్కింది. ఒక్క చుట్టు తిరిగింది...

కూర్చుంది.

పారలు పట్టుకున్న ఇద్దరు అటు రాబోయారు. ఎదెల్మీరా రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది.

"ఆగండి. దణ్ణం పెడతాను, ఆగండి."

వాళ్లు ఆగారు. వాళ్ల వెనక డబ్బాల బారు ఆగింది. పలక మీద ఎక్కుతున్నవాళ్లు ఆగారు. పైనుంచి మేస్త్రి కేక వేశాడు.

"ఏమైందిరా కింద? కాంక్రీటు ఆగుతుందట్రా?"

"దొరసాని పని మీదుంది మేస్త్రీ," అన్నాడొకడు.

అందరూ నవ్వారు. నవ్వుతూనే ఆగారు. కాంచా మాత్రం ఎవర్నీ చూడలేదు. కళ్లు సగం మూసుకుంది. చాలాసేపు కూర్చుంది. ఎన్నాళ్లదో అంతా అక్కడే వదిలింది. లేచి, వెనక కాళ్లతో ఇసుక చిమ్మి, గుట్ట దిగి వచ్చి ఎదెల్మీరా బూటు మీద గడ్డం పెట్టింది.

ఆమె దాని చెవుల మధ్య ముద్దు పెట్టుకుంది. వంట మనుషులూ కూలీలూ అందరూ చూస్తుండగానే.

పారలు దిగాయి. తడి ఇసుక, ఆ తడితో సహా మిల్లరులోకి పోయింది. "గట్టిపడుతుందిలెండమ్మా," అన్నాడు పారవాడు. డబ్బాల్లోకెక్కింది. పైకెళ్లింది. చువ్వల మధ్య పరుచుకుంది. కాంచా ఏదైతే వదిలిందో అది మళ్లీ డాబా ఎక్కింది, ఇంక ఎప్పటికీ అక్కడే ఉంటుంది.

"చూశావుగా," అంది తమ్ముడితో. "బయట పోసింది."

సతుర్నీనో తల గోక్కున్నాడు. "ఇసుక మీద పోసిందక్కా. ఇసుక సాయంత్రానికి ఉండదు." వ్యానులో గొలుసు వైపు చూశాడు. "సరే, నేను బయల్దేరేలోపు ఒక్కసారి, ఇసుక లేకుండా పొయ్యనీ. గొలుసు ఇంకెవరికైనా పనికొస్తుంది. నువ్వేమంటావు పిల్లా?"

యోవానా కడుపు మీద చెయ్యి వేసుకుని కుక్కని చూసింది. "ఒక్కసారి పోస్తే చాలు మావయ్యా. మిగతాది నేను చూసుకుంటాను."

భోజనాలయ్యాయి. ఇంటికి మంచి జరగాలని పైన పూల సిలువ నిలబెట్టారు. పాట పెట్టారు. కాంచా గిన్నెడు నీళ్లు తాగింది, తరవాత గిన్నెడు కోడి పులుసు తాగింది. ఎదెల్మీరా దగ్గర కూర్చుని తాగించింది. ముఖం కడుక్కుంది. బూట్లు అల్లుడికిచ్చేసింది. తన ఎర్ర స్వెట్టరు, తన రబ్బరు చెప్పులు వేసుకుని కుక్కని బయటికి తీసుకొచ్చింది.

గుట్ట లేదు.

గుట్ట ఉన్నచోట ఇసుక రేణువైనా లేదు. ఊడ్చి, కడిగి, ఫినాయిల్ చల్లి ఉంది. నడుమ రెండు కొత్త సీసాలు. కాగితాలు ఒలిచి, తళతళా తోమి, నిండా నీళ్లు నింపినవి. మెడలకి ఎర్ర రిబ్బన్లు కట్టినవి.

పక్కన తోమసా నిలబడి ఉంది. చీపురుతో. చెమటతో. ఆమె ముఖంలో నవ్వు ఎదెల్మీరా ఇంతకుముందు చూడలేదు.

"కొత్త అంతస్తుకి నా తరఫున వదినా. రోజంతా పనిలో ఉన్నావని నేనే శుభ్రం చేశాను. కుక్క బయట పోసిందటగా. ఇక సీసాలతో పనేముంది అనుకోకు, వీధికుక్కలు ఊరుకోవు."

ఎదెల్మీరాకి కోప్పడదామంటే కోపం రాలేదు. ఇంత మంచితనం మీద ఎలా కోప్పడతాం. వంగి ఒక సీసా తీసింది. మూత తిప్పింది. కాలవలోకి వంపేసింది. రెండోదీ వంపేసింది. ఖాళీ సీసాలు రిబ్బన్లతో సహా చంకలో పెట్టుకుంది.

"నా మీద కోపం తెచ్చుకోకు తోమసా. ఇవాళ కాదు. తరవాత చెబుతాను."

తోమసా నవ్వు మెల్లగా ఆరిపోయింది. అయినా లోపలికి పోలేదు.

వ్యాను తలుపు చప్పుడైంది. సతుర్నీనో బండి తుడుస్తున్నాడు. తొందరపెట్టడం లేదు. తుడవడం అయిపోతే ఇంకేం పని లేదు అంతే.

కాంచా ఆ చోటికి వచ్చింది. ఫినాయిల్‌కి ముక్కు ఎగరేసింది. చుట్టూ తిరిగింది. మరోసారి తిరిగింది. వెనక కాళ్లు వంచింది...

తల తిప్పింది. ఎదెల్మీరాని చూసింది. లేచింది.

దగ్గర్లో సీసాలు లేవు. ఎదుటింటివి లేవు, తనవి లేవు. మరి ఇంకా దేన్ని చూస్తోంది?

మళ్లీ వంగింది. మళ్లీ చూసింది. ఈసారి ఎదెల్మీరా ఆ చూపు వెంట మెల్లగా వెళ్లింది. ముఖం వైపు కాదు. చేతుల వైపు కాదు. చంకలో సీసాల వైపు కూడా కాదు. కిందికి.

కాళ్ల వైపు.

చెప్పుల వైపు.

పొద్దున బూట్లున్నాయి.

ఇన్నేళ్లూ తన పాదాల మీద పడుకున్నది. ఆ పాదాలకి వేసుకున్నదాన్ని చూసి ఇంకా భయపడుతోంది. భయపడుతూనే పడుకుంది. తనకి వెచ్చగా ఉందనుకుంది. దానికి ఎలా ఉందో ఎప్పుడూ అడగలేదు.

కుడి చెప్పు విడిచింది, ఎడమది విడిచింది. వంగి తియ్యలేదు, చేత్తో చెప్పు పడితే ఎలా ఉంటుందో దానికి తెలుసు. కాలితోనే దూరంగా, వీధి వాలులోకి తన్నేసింది. అవి దొర్లుకుంటూ పోయాయి. కాంచా వాటిని చూసింది, అవి ఆగేదాకా చూసింది.

తరవాత ఆ వట్టి పాదాలని చూసింది. చలికి వేళ్లు ముడుచుకున్న, సిమెంటు అంటిన, ముసలితనం వచ్చేసిన పాదాలు.

"ఇక ఎక్కించమంటావా అక్కా?" సతుర్నీనో చెయ్యి తుడుచుకున్నాడు.

"ఆగరా."

పైన కొత్త స్లాబు మీద తుంపర మొదలైంది. కింద నేల మీద, తోమసా చీపురు మీద, ఎదెల్మీరా వట్టి పాదాల మీద. చప్పుడు చెయ్యదు అది. ఆ నిశ్శబ్దంలో కాంచా ఒక చుట్టు తిరిగింది. వెనక కాళ్లు కొంచెం వంచింది.

ఎదెల్మీరా కళ్లు మూసుకుంది. ఒకప్పుడు కింద మంచంలో పడుకుని విన్నట్టే, ఆ సన్నటి ధార కోసం వింటోంది.